మీకు తెలుసా? జైసల్మేర్ కోటలో కాపురాలు

రాజస్థాన్‌లోని జైసల్మేర్ కోట ఖాళీ కట్టడం కాదు. 1156లో రావల్ జైసల్ పునాది వేసిన ఈ పసుపు రాతి గోడల మధ్య ఇప్పటికీ వేలాది మంది కాపురం ఉంటున్నారు. ఇరుకు సందుల్లో అరుగులు, ఆరేసిన బట్టలు, అడ్డం నిలబడ్డ ఆవు... అచ్చంగా ఊరే!

ఇంకో విచిత్రం: ఎడారిలోని ఈ కోటకు పెద్ద ముప్పు ఇసుక తుపాను కాదు, నీరు. ఇళ్లకు, హోటళ్లకు కుళాయిలు వచ్చాక వాడకపు నీరంతా కొండలోకి ఇంకి పునాదులను మెత్తబరుస్తోంది. కొన్ని బురుజులు కూలాయి కూడా. 2013లో యునెస్కో జాబితాకెక్కినా ఆ బెడద తీరలేదు.

నీటి విలువ తెలిసినవాళ్లు అక్కడ లేకపోలేదు. పాలీవాల్ బ్రాహ్మణులు పల్లానికి అడ్డంగా మట్టికట్ట పోసి, రాతి నేల మీంచి జారే వాననీటిని ఆపేవారు. అది ఇంకాక ఆ తడితోనే గోధుమ, శనగ పండించేవారు. దీన్నే 'ఖడీన్' అంటారు.

ఇక ఎడారి చూడాలంటే, సమ్ ఇసుక దిబ్బలు జైసల్మేర్ ఊరికి సుమారు 40 కిలోమీటర్ల దూరం. దారంతా ఇసుకే ఉంటుందనుకోకండి, చాలావరకు రాళ్లూ తుప్పలే. దిబ్బకు గాలి వీచే వైపు వాలు తక్కువ, అటు నుంచే ఎక్కండి. అవతలి వైపు నిటారు, అడుగేస్తే ఇసుక జారిపోతుంది.

దగ్గర్లోని ఎడారి జాతీయ పార్కులో బట్టమేక పిట్టలున్నాయి. ఒకప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్లపాడు గడ్డి మైదానాల్లోనూ తిరిగిన ఈ పక్షుల్లో, దేశంలో మిగిలినవి ఎక్కువగా జైసల్మేర్ ప్రాంతంలోనే ఉన్నాయి.