ఎదిగే బాలికకు సరిపడు బడి స్కర్టు

ఏటా జూన్ మాసమున బడులు తెరచునాటికి సుల్తానాబాద్ పరిసర గ్రామములలోని బాలబాలికలు కొత్త దుస్తులకై ఎదురుచూచుచుందురు. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ఏటా రెండు జతలు ఉచితముగా లభించుచున్నవి. ఈ గుడ్డ నేయు పని సిరిసిల్ల మరమగ్గముల కార్మికులకు దొరకుచున్నది. 2024లో కుట్టుపనిని మహిళా స్వయం సహాయక సంఘములకు అప్పగించిరి. గుడ్డ మన ప్రాంతముది. కుట్టు చేయి మన ఊరిది. ఇక కొలత మాత్రము ఆ పిల్లదే కావలెను.

చిన్న తరగతుల పిల్లలకు తరగతినిబట్టి కొలత వేసినను కొంతవరకు సరిపోవును. కాని 10 ఏండ్లు దాటిన బాలికల విషయము వేరు. ఈ వయసున బాలిక ఒక్క ఏడాదిలో 8 సెంటీమీటర్లు, అనగా సుమారు 3 అంగుళములు పెరుగవచ్చును. నడుముకంటె తుంటిభాగము త్వరగా వెడల్పగును. ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరిలో ఒకతె ఎదిగియుండును, మరొకతె ఇంకను చిన్నపిల్లగానే ఉండును. ఇద్దరికిని ఒకే కొలత స్కర్టు ఇచ్చినచో ఒకతెకు బిగియును, మరొకతెకు జారును.

కొలువవలసినవి మూడు: నడుము, తుంటి, పొడవు. నడుము కొలుచునపుడు టేపు లోపల ఒక వ్రేలు పట్టవలెను. తుంటిని పాదములు దగ్గర చేర్చి నిలిచినపుడు వెడల్పైన చోట కొలువవలెను. పొడవు మోకాలి క్రిందికి ఉండుట మేలు. ఈ కొలతలను స్త్రీలే, చాటైన గదిలో, తీసికొనవలెను. ఒకరి కొలత మరొకరు వినునట్లు బిగ్గరగా చదువరాదు.

కుట్టునపుడు అంచును 2 నుండి 3 అంగుళములు లోనికి మడచిన, ఏడాది మధ్యలో విప్పి పొడవు పెంచవచ్చును. ప్రక్క కుట్టులలో అంగుళము గుడ్డ విడువవలెను. నడుమున ఎలాస్టిక్ గాని, అదనపు హుక్కు గాని ఉంచవలెను. నిండు కుచ్చిళ్ళకు తుంటికొలతకు మూడింతల గుడ్డ కావలెను. తుంటి 32 అంగుళములైన 96 అంగుళములన్నమాట. గుడ్డ తగ్గించినచో కుచ్చిళ్ళు విచ్చుకొని స్కర్టు పట్టివేయును. ఒక జేబు కుట్టుట బాలికలకెంతో అక్కరకు వచ్చును. కుట్టిన పిమ్మట పిల్లను తొడిగించి, నేలపై కూర్చుండబెట్టి, మెట్లెక్కించి చూడవలెను.

ఇది చిన్న విషయమని తోచవచ్చును. స్కర్టు జారునను భయముగల బాలిక నల్లబల్ల వద్దకు రాదు, ఆటస్థలమునకు పోదు, సైకిలెక్కదు. అడుగుటకు సిగ్గుపడి ఏదో సాకుతో ఇంట నిలిచిపోవును. చదువు మానుటకు ఇదియొక్కటే కారణము కాకపోవచ్చును. కాని మనము తీర్చగల కారణము.

పంచాయతీలలో సగము స్థానములు మహిళలకు కేటాయింపబడినవి. కొలతలు తీయునాడు వార్డు సభ్యురాలొకరు బడికి వెళ్ళవలెను. ప్రతి బాలిక పేరిట మూడు కొలతలు వ్రాసితిరా, సరిపోనివాటిని తిరిగి కుట్టుటకు ఒక దినము కేటాయించితిరా అని ప్రధానోపాధ్యాయుని, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీని, కుట్టు సంఘమును అడుగవలెను. దీనికి ఖర్చు లేదు. కావలసినది ఒక టేపు, ఒక పూట, కొంత శ్రద్ధ.