గొరిల్లా తొడగొట్టినప్పుడు

తెలుగులో గుండెలు బాదుకోవడం అంటే ఏడుపు. ఇంట్లో మనిషి పోయినప్పుడో, కోతకొచ్చిన చేను వరదలో కొట్టుకుపోయినప్పుడో వాడే మాట అది. ఎదుటివాడికి సవాలు విసరాలంటే మనం జబ్బ చరుస్తాం, తొడగొడతాం. అందువల్లనేమో, గొరిల్లా రెండు కాళ్ళ మీద లేచి రొమ్ము బాదుకునే దృశ్యానికి మన దగ్గర సొంత అర్థం లేకుండా పోయింది. సినిమా చెప్పిన అర్థమే మిగిలింది: దానికి పిచ్చెత్తింది, ఇక చీల్చేస్తుంది. 1933 నాటి కింగ్ కాంగ్ కన్నా చాలా ముందే, 1861లో పాల్ దు షయ్యూ అనే యాత్రికుడు తన ఆఫ్రికా యాత్రల పుస్తకంలో ఈ భూతాన్ని నిలబెట్టాడు. పేరు కూడా దానికి కలిసిరాలేదు. గెరిల్లా యుద్ధమనే స్పానిష్ మూలపు మాటకూ గొరిల్లాకూ ఏ చుట్టరికమూ లేదు, కానీ చాలామంది చెవికి రెండూ ఒకటే. ఆ రొమ్ము బాదుకోవడాన్ని మన తొడగొట్టడంతో పోల్చి చూడండి, చాలా సంగతులు తేటపడతాయి. దాడి దాకా వెళ్ళకుండా తేల్చుకోవాలని గొరిల్లా చేసే ప్రయత్నం అది. దాని దగ్గర క్షేమంగా ఉండేందుకు చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుట్టాయని నా వాదన.

దు షయ్యూ అడవిలోకి తుపాకీ పట్టుకుని వెళ్ళాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1959లో, జార్జ్ షాలర్ అనే జీవశాస్త్రజ్ఞుడు విరుంగా అగ్నిపర్వతాల అడవుల్లోకి తుపాకీ లేకుండా వెళ్ళాడు. కొండ గొరిల్లాలకు తాను కనబడేలా, కదలకుండా కూర్చుని, రోజుల తరబడి వాటిని చూశాడు. వేటగాడికి కనిపించిన జంతువూ, కూర్చున్నవాడికి కనిపించిన జంతువూ వేరువేరుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. రొమ్ము బాదుకునే తంతును షాలర్ తొమ్మిది అంగాలుగా విడదీసి రాశాడు. మెల్లగా మొదలై వేగం పుంజుకునే హూ హూ శబ్దం, మధ్యలో ఒక ఆకు తెంపి పెదాల మధ్య పెట్టుకోవడం, లేచి నిలబడటం, చేతికందిన రెమ్మల్ని గాల్లోకి విసరడం, అరచేతులు దొప్పలుగా చేసి రొమ్ము మీద దబదబా బాదడం, ఒక కాలు గాల్లోకి తన్నడం, పక్కకు పరుగెత్తడం, దారిలోని చెట్టూచేమా విరిచెయ్యడం, చివరగా నేల మీద అరచేత్తో ఒక్క చరుపు. ప్రతిసారీ అన్నీ జరగవు. అయినా ఆ ఆకు దగ్గర కాస్త ఆగాలి. ఒళ్ళు తెలియని కోపంలో ఉన్న జంతువు ఆకు తెంపి నోట్లో పెట్టుకోదు. పరుగు కూడా ఎదుటివాడి మీదికి కాదు, పక్కకు. నేరుగా మీదికి దూసుకొచ్చే పరుగూ ఉంది, కానీ ఎదుటివాడు కదలకుండా ఉంటే అది చాలావరకు కొద్ది దూరంలోనే ఆగిపోతుంది.

ఇంత ఆర్భాటం ఎందుకంటే, నిజమైన పోట్లాట ఇద్దరికీ నష్టం కాబట్టి. కొండ గొరిల్లాల్లో ఎదిగిన మగది 150 కిలోలు దాటుతుంది, ఆడదాని బరువు అందులో సగమే. మగదాని వీపు మీద వయసుతో వెండి రంగు తేలుతుంది, అందుకే దాన్ని సిల్వర్‌బ్యాక్ అంటారు. అలాంటి రెండు దేహాలు కోరలతో తలపడితే గెలిచినదానికీ గాయాలు తప్పవు, ఆ చిత్తడి అడవిలో గాయం కుళ్ళితే దిక్కు లేదు. అందుకని ముందు బలం వినిపించాలి. రువాండాలోని వోల్కనోస్ నేషనల్ పార్కులో జరిగిన ఒక పరిశోధన 2021లో అచ్చయింది. దేహం ఎంత పెద్దదైతే రొమ్ము బాదిన చప్పుడు అంత బొంగురుగా, మంద్రంగా ఉంటుందని అందులో తేలింది. అంటే చిన్న గొరిల్లా పెద్దదాన్నని అబద్ధమాడలేదు. కిలోమీటరు దూరంలోని మరో మగది ఆ చప్పుడు విని, ఎదురెళ్ళాలో పక్కదారి పట్టాలో నిర్ణయించుకోగలదు. గోదాలో తొడ మీద పడిన చరుపును విని ఎదుటి మల్లుడి బలాన్ని లెక్కగట్టడం మనకు కొత్త కాదు.

దీన్ని విని గొరిల్లా పాపం సాధుజీవి అని తీర్మానించేవాళ్ళకు ఇంకో వైపు కూడా చూపించాలి. గొరిల్లాలు చంపుతాయి. 1967లో డయాన్ ఫాసీ అనే పరిశోధకురాలు స్థాపించిన కరిసోకే కేంద్రంలోని పరిశీలకులు, గుంపు నాయకుడు చనిపోయాక పరాయి మగది వచ్చి పాలు తాగే పసికూనల్ని చంపడం నమోదు చేశారు. బిడ్డ పోతే తల్లి త్వరగా మళ్ళీ చూలు కడుతుంది, ఈసారి పుట్టేది కొత్త మగదాని బిడ్డ. వినడానికి కడుపు తరుక్కుపోయే లెక్క ఇది. కానీ ఇది నా వాదనను కొట్టెయ్యదు, బిగిస్తుంది. తాను పోతే పిల్లలు మిగలరన్న పరిస్థితిలో కాపలా కాసే జంతువు గొరిల్లా. దాని బెదిరింపు వెనక ఉన్నది ఈ కాపలాయే. వేటగాళ్ళు ఒక సిల్వర్‌బ్యాక్‌ను చంపితే లెక్క ఒకటితో ఆగకపోవడానికీ కారణం ఇదే.

మరి మనుషుల మీద నిజంగా దాడి చేసిన సందర్భాల మాటేమిటి? అన్నిటికన్నా ఆలోచింపజేసేది రాటర్‌డామ్ జూ ఘటన. 2007 మేలో బొకిటో అనే మగ గొరిల్లా నీటి కందకం దాటి బయటికొచ్చి, జనంలో ఉన్న ఒక మహిళను పట్టుకుని ఈడ్చుకెళ్ళింది. ఆమెకు ఎముకలు విరిగాయి, ఒళ్ళంతా కాట్లు పడ్డాయి. ఆమె తరచూ దాని దగ్గరికే వచ్చేది, కళ్ళలోకి చూసి నవ్వేది, అదీ తనను చూసి నవ్వుతోందని నమ్మింది. ఆమె ప్రేమను నేను శంకించడం లేదు. గొరిల్లాల లోకంలో మాత్రం ఎదురుగా నిలబడి కళ్ళలోకి గుచ్చి చూడటం కవ్వింపు, పళ్ళు బయటపెట్టడం మన చిరునవ్వు కాదు. గుడి మెట్ల మీద కోతి ఎదురైనప్పుడు దాని కళ్ళలోకి చూడకు, పళ్ళు ఇకిలించకు అని పిల్లలకు చెప్పే మనకు ఇది అర్థం కాని సంగతేం కాదు. బొకిటో పసితనంలో మనుషుల చేతుల మీద పెరిగింది కూడా. అడవి గొరిల్లాకు మనిషి పరాయి జంతువు, బొకిటోకు మాత్రం మనుషులు తన లోకంలోని వాళ్ళే. ఆ తర్వాత ఒక డచ్ బీమా సంస్థ సందర్శకులకు అట్ట కళ్ళజోళ్ళు పంచింది. వాటి మీద కళ్ళు పక్కకు చూస్తున్నట్టు బొమ్మ వేసి ఉంటుంది. మన దేశంలో గొరిల్లాను చూడాలంటే మైసూరు జూకు వెళ్ళాలి. 2021లో జర్మనీ నుంచి రెండు మగ గొరిల్లాలు అక్కడికి వచ్చాయి. వాటి ముందు నిలబడి రొమ్ము బాదుకుని చూపించడం మనకు సరదా కావచ్చు, వాటికి మాత్రం అది సవాలు.

సిన్సినాటి జూలో 2016లో హరాంబే అనే గొరిల్లాను ఎందుకు చంపాల్సి వచ్చిందని అడిగేవాళ్ళూ ఉన్నారు. మూడేళ్ళ పిల్లవాడు కందకంలో పడ్డాడు, 17 ఏళ్ళ ఆ గొరిల్లా అతన్ని నీళ్ళలో ఈడ్చింది, జూ సిబ్బంది కాల్చేశారు. మత్తు సూది పనిచెయ్యడానికి సమయం పడుతుంది, ఈలోపు నొప్పికి అది ఇంకా రెచ్చిపోవచ్చు. కాల్చినవారిని తప్పుపట్టలేను. అయితే 1986లో జెర్సీ జూలో ఐదేళ్ళ బాలుడు పడినప్పుడు జాంబో అనే సిల్వర్‌బ్యాక్ అతనికీ మిగతా గొరిల్లాలకూ మధ్య నిలబడి, వీపు నిమిరింది. 1996లో షికాగో దగ్గరి బ్రూక్‌ఫీల్డ్ జూలో బింటి జువా అనే తల్లి గొరిల్లా, తన బిడ్డను వీపున మోస్తూనే, పడిన బాబును ఎత్తుకుని తలుపు దగ్గరికి తెచ్చింది. మూడు ఘటనల్లోనూ నేను చూసే తేడా ఉద్దేశంలో లేదు. హరాంబే ఆ పిల్లవాణ్ణి చంపాలనుకుందని చెప్పే ఆధారం లేదు. కానీ రెండు వందల కిలోల దేహం ఏ ఉద్దేశం లేకుండానే ఒక పసివాడి ప్రాణం తీయగలదు. అక్కడ సరిగా ఉండాల్సింది కంచె.

అడవిలో కంచె ఉండదు కాబట్టి నడవడికే కంచె. రువాండా, ఉగాండాల్లో గైడ్లు చెప్పేది ఇదే: గొరిల్లా దూసుకొస్తే పరుగెత్తవద్దు, ఎందుకంటే పారిపోయేవాడిని తరమడం, వెనక నుంచి కరవడం దానికి తేలిక. కిందికి ఒదిగి కూర్చోండి, చూపు పక్కకు తిప్పండి, చేతులు ఊపవద్దు, గైడ్ మాట దాటవద్దు. సవాలుకు బదులు ఇవ్వడం లేదని ఒంటితో చెప్పడమన్నమాట. గైడ్లు గొంతు సవరించుకున్నట్టు గురగురమంటారు, మేత మేస్తూ నెమ్మదిగా ఉన్న గొరిల్లాలు చేసుకునే శబ్దం అది. పిల్ల గొరిల్లా ఆడుకుంటూ మీదికొచ్చినా ముట్టుకోకూడదు, తండ్రి చూస్తూనే ఉంటుంది.

కొన్ని నియమాలకు మాత్రం కారణం వేరు. గుంపుకు రోజుకు ఎనిమిది మంది సందర్శకులే, గంటసేపే, ఒంట్లో బాగోలేనివాళ్ళు రాకూడదు, మాస్కు పెట్టుకోవాలి, పది మీటర్ల దూరం పాటించాలి. ఇవి ప్రధానంగా మన ఊపిరి నుంచి వాటిని కాపాడటానికి. 2019లో లెక్క తేలిన కొండ గొరిల్లాలు మొత్తం 1063. మన జలుబు వైరస్‌లు వాటికీ అంటుకుంటాయి. అయినా ఉగాండాలోని బ్విండి అడవిలో జరిగిన పరిశీలనల్లో సందర్శకులు తరచూ నిర్ణీత దూరం కన్నా దగ్గరికి వెళ్తున్నట్టు తేలింది. గొరిల్లా రొమ్ము బాదుకుంటే భయపడే మనిషి, తన దగ్గుకు అది భయపడాలని అనుకోడు. 2009లో రువాండాలోని హిర్వా గుంపులో ఊపిరితిత్తుల జబ్బు వ్యాపించి ఒక ఆడ గొరిల్లా, ఒక పసికూన చనిపోయాయి. వాటి దేహాల్లో దొరికింది మనుషుల్లో జలుబు తెప్పించే మెటాన్యుమోవైరస్.