విధిలిఙ్ఙునకు తెలుగు – ‘వలెను’ ఒక్కటి చాలునా?

లిఙ్ రూపము కనబడినంతనే ‘వలెను’ చేర్చి అర్థము చెప్పుట మన పాఠశాలలలో పరిపాటి. రూపసిద్ధియందు చిక్కు లేదు. ‘భవ’ అను అదంతాంగముపై యాస్‌కు ఇయ్ వచ్చి (7-2-80), యకారము లోపించి (6-1-66), గుణముచే ‘భవేత్’ అగును. అంగము అదంతము కానిచో కుర్యాత్, శృణుయాత్ అని ‘యా’ నిలుచును. చిక్కంతయు అర్థమునందే.

పాణిని (3-3-161) లిఙ్ఙునకు విధి, నిమంత్రణము, ఆమంత్రణము, అధీష్టము, సంప్రశ్నము, ప్రార్థనము అని ఆరర్థములు చెప్పెను. భట్టోజిదీక్షితుల వివరణము ననుసరించి, విధి యనగా భృత్యాదులను పనికి నియోగించుట. నిమంత్రణము శ్రాద్ధభోజనమునకు దౌహిత్రుని పిలుచుట వంటిది. అతడు రాక తప్పదు. ఆమంత్రణమో, ఇష్టమున్నచో చేయుమను అనుజ్ఞ. ‘భవాన్ నారికేలోద్యానే విశ్రామ్యేత్’ అను వాక్యమునకు మా ఉద్దానపు కొబ్బరితోటలో ‘మీరు విశ్రమింపవలెను’ అని తెలుగు చెప్పినచో అతిథి బద్ధుడగును. ‘విశ్రమింపవచ్చును’ అనుటయే సరి. ధర్మశాస్త్రమునందు ఈ పొరపాటు చిన్నది కాదు. అనుజ్ఞ ఆజ్ఞయై కూర్చుండును. అధీష్టము సత్కారపూర్వకమైన నియోగము గనుక ‘దయచేసి ఉపదేశింపుడు’ వంటి పలుకు తగును. ‘కిం కావ్యం పఠేయమ్ ఉత తర్కమ్’ – చదువుదునా అని సంప్రశ్నము. అదే ‘పఠేయమ్’ ప్రార్థనమందు ‘చదువగోరుచున్నాను’ అగును.

ఇవే అర్థములలో లోట్టును గలదు (3-3-162). కంచిలి, సోంపేట ప్రాంతములలో ఇంట ఒడియా మాట్లాడు పిల్లలకు ‘కరోతు’ సులభముగా పట్టుబడును. వారి ‘కరు’ (అతడు చేయుగాక) ఆ ‘తు’కారము తరిగిన రూపమే. తెలుగు పిల్లవానికి ప్రథమపురుషమున అట్టి విధిరూపము వాడుకలో లేదు. ‘గాక’ చేర్చవలెను, లేదా ‘చేయనిమ్ము’ అనవలెను.

స్పానిషువారు ఈ పనికి అచ్చు మార్తురు: ‘ఆబ్లాస్’ మాట్లాడుచున్నావు, ‘కియెరో కె ఆబ్లెస్’ నీవు మాట్లాడవలెనని కోరుచున్నాను. వేదమున లేట్టు (3-4-7) ‘భవాతి’ అని అచ్చును దీర్ఘము చేయును. ఈ పోలిక బోధనకు పనికివచ్చునే గాని, ఇంతమాత్రమున చుట్టరికము కలుపరాదు.

ఆశీర్లిఙ్ (3-3-173) వేరు. ‘చిరం జీవేత్’ అని వ్రాసిన విద్యార్థిని ప్రార్థనార్థమున సమర్థింపవచ్చును. ఆశీర్వచనమే ఉద్దేశమైనచో ‘జీవ్యాత్’ అనియే వ్రాయించుట మేలు, ఛాందసమన్నను సరే. దానికి తెలుగున ‘జీవించుగాక’ తప్ప ‘జీవింపవలెను’ ఒప్పదు.