దెయ్యం గోడు వినాలంటే ముందు నవ్వాలి

1990ల్లో మా లింగాలలో ఏ తలుపు చూసినా ఒకటే రాత: ‘ఓ స్త్రీ రేపు రా’. కొందరు సుద్దముక్కతో రాశారు, కొందరు బొగ్గుతో, ఇంకొందరు పసుపుతో. అర్ధరాత్రి ఒక ఆడమనిషి వచ్చి, తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందని, పలికితే ప్రాణం పోతుందని పుకారు. రాత చదువుకుని వెళ్లిపోతుందట, మర్నాడొచ్చి మళ్లీ అదే చదువుకుంటుందట. మా అవ్వకు చదువు రాదు, నాతో రాయించింది. “పెద్దగ రాయి బిడ్డా, చీకట్ల దానికి కనపడాలె గద” అంది. లోపల బుగులుతో వణుకుతూనే ఇంటిల్లిపాదీ నవ్వాం. నల్లమల అంచు ఊరు మాది. పొద్దుగూకితే అడవి వైపు చూడ్డానికే జంకేవాళ్లం, అయినా దెయ్యం కథ చెప్పేవాళ్లుంటే చుట్టూ చేరేవాళ్లం.

ఆ పుకారు కర్ణాటకలో ‘నాళె బా’గా తిరిగింది. తిరుపతిలో చదువుకున్న రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే దాన్నే కథగా అల్లారు. అమర్ కౌశిక్ దర్శకత్వంలో 2018లో వచ్చిన హిందీ ‘స్త్రీ’ అదే. మధ్యప్రదేశ్‌లోని చందేరీలో, పండుగ రోజుల్లో, ఒంటరిగా దొరికిన మగవాళ్లను దెయ్యం ఎత్తుకుపోతుంది. బట్టలు మాత్రం వదిలేస్తుంది. చీకటి పడితే బయటికి పోవద్దు, ఒంటరిగా తిరగొద్దు అని మన ఇళ్లలో ఆడపిల్లలకు చెప్పే జాగ్రత్తలన్నీ అక్కడ మగవాళ్లకు చెప్తారు. జనం పగలబడి నవ్వేది అక్కడే. ఆ నవ్వు మధ్యే అసలు సంగతి తెలుస్తుంది: ఆమె ఒక వేశ్య, మనసిచ్చినవాణ్ణి పెళ్లాడిన రాత్రే ఊరు ఇద్దరినీ పొట్టన పెట్టుకుంది. చివరికి అదే ఊరు ఆమెకు విగ్రహం పెట్టి, తమను కాపాడమని వేడుకుంటుంది.

మన దెయ్యాల కథల్లో ఎక్కువగా ఉండేది అన్యాయమైపోయిన ఆడమనిషే. భయమొక్కటే ఉంటే కళ్లు మూసుకుంటాం. నడుమ నవ్వొస్తే కళ్లు తెరుస్తాం, ఆమె ఎవరు, ఆమెకేమైంది అని అడగబుద్ధవుతుంది. భయపెడుతూనే నవ్వించే దెయ్యం సినిమాలు ఇన్నేళ్లుగా నిలబడింది అందుకేనని నా నమ్మకం.

‘చంద్రముఖి’ (2005) మా ఊళ్లో వినాయక మండపం దగ్గర టీవీ, సీడీ ప్లేయర్ పెట్టి వేశారు. వడివేలు వణికినప్పుడల్లా గోనెసంచుల మీద కూర్చున్న పిల్లలు ఈలలు, కేకలు. జ్యోతిక కళ్లు మారి, అంత పెద్ద మంచాన్ని ఒంటిచేత్తో లేపింది. ఒక్కరు కిక్కురుమంటే ఒట్టు. చివర్లో మా చిన్నమ్మ కళ్లొత్తుకుంటూ, “దాని ఉసురు ఊకెనే పోతదా మరి” అంది.

ఈ కథకు మూలం 1993 నాటి మలయాళ ‘మణిచిత్రతాళు’. రాసింది మధు ముట్టం, తీసింది ఫాజిల్. శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిపెట్టింది. అందులో దెయ్యమైన నాగవల్లి తమిళ నర్తకి. కన్నడ ‘ఆప్తమిత్ర’ (2004)లోనూ, తమిళ ‘చంద్రముఖి’లోనూ ఆమె తెలుగు పిల్ల. హిందీ ‘భూల్ భులయ్యా’ (2007)లో బెంగాలీ. ఏ భాషకు పోయినా ఆమె పొరుగు భాష మనిషే. తన గోడు చెప్పుకుందామన్నా వినే నాథుడు లేని కోటలో బతికి, అక్కడే చచ్చిపోయింది.

ఇంకో సంగతి గమనించండి, చంద్రముఖి ఎక్కడా జోకులు వెయ్యదు. 1948లో అమెరికాలో వచ్చిన ‘అబ్బాట్ అండ్ కాస్టెలో మీట్ ఫ్రాంకెన్‌స్టైన్’లోనూ అంతే. భూతాలు భూతాల్లాగే ఉంటాయి, నవ్వంతా భయపడేవాళ్ల దగ్గర పుడుతుంది. దెయ్యమే కోతివేషాలు వేస్తే భయం పోతుంది, దాంతోపాటు నవ్వూ పోతుంది. మనవాళ్లు ఈమధ్య తీస్తున్నవాటిలో ఈ లెక్క తప్పినవి చాలా ఉన్నాయి.

‘ప్రేమకథా చిత్రమ్’ (2013) తర్వాత తెలుగులో నవ్వించే దెయ్యం సినిమాలు వరసకట్టాయి. ఒక ఇల్లు, నలుగురైదుగురు నటులుంటే సినిమా అయిపోతుంది కాబట్టి చిన్న నిర్మాతలకూ అందుబాటులోకొచ్చాయి. వీటన్నిటిలో నాకు ప్రాణం మహి వి. రాఘవ్ తీసిన ‘ఆనందో బ్రహ్మ’ (2017). అందులో మనుషులను చూసి దెయ్యాలు భయపడతాయి. రేచీకటి, చెవుడు ఉన్న వెన్నెల కిశోర్ ముందు పాపం దెయ్యాలు ఎంత తంటాలు పడినా లాభం లేదు, ఆయనకు కనపడదు, వినపడదు!

ఈ నవ్వు మా పల్లెలకు చాలా అవసరం. బాణామతి చేశారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టిన, చంపిన వార్తలు తెలంగాణలో ఎన్నిసార్లు చదవలేదు? చీకట్లో ఒంటరిగా పెంచుకున్న భయం ఎవరో ఒకరి మీద నేరం మోపేదాకా ఊరుకోదు. పదిమందిలో కూర్చుని దొంగ భూతవైద్యుణ్ణి చూసి నవ్విన పిల్లవాడు, రేపు నిమ్మకాయలు పట్టుకొచ్చినవాణ్ణి పదిసార్లు నిలదీస్తాడు. అందుకే ఇంట్లో పిల్లలుంటే ముందు ‘ఆనందో బ్రహ్మ’ చూపించండి. కాస్త పెద్దయ్యాక ‘చంద్రముఖి’. ‘స్త్రీ’ మాత్రం మగపిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, సినిమా అయ్యాక కాసేపు దాని గురించి వాళ్లతో మాట్లాడండి.