జేబులో ఫోన్ ఉండగా హ్యాండీక్యామ్ ఎందుకు?

పోయిన సంక్రాంతికి మా నానమ్మ అరిసెలు వత్తుతూ, తను కాపురానికి ఎడ్లబండిలో వచ్చిన కథ మొదలెట్టింది. వెంటనే ఫోన్లో రికార్డింగ్ పెట్టేశాను. బండి వాగు దగ్గరికి వచ్చేసరికి ‘స్టోరేజ్ ఫుల్’! దక్కింది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు కూడా తర్వాత ఏదో యాప్ అప్‌డేట్‌కి చోటు చేస్తూ నా చేత్తో నేనే డిలీట్ చేసేశాను. గుర్తొచ్చి ట్రాష్‌లో వెతికితే అప్పటికే ఖాళీ.

నానమ్మకిప్పుడు 84. మళ్లీ చెప్పమంటే చెబుతుంది. కానీ చెప్పిన ప్రతిసారీ కథలో ఒక పేరు తగ్గుతోంది.

అందుకే, న్యూజెర్సీ నుంచి వచ్చిన మా బావ “ఈ హ్యాండీక్యామ్ ఊరికే పడి ఉందిరా, నువ్వు ఉంచుకో” అనగానే ఎగిరి గంతేశాను. అరచేతిలో ఇమిడిపోయే బుల్లి క్యామ్‌కార్డర్. ఫుల్ హెచ్‌డీ, 30 రెట్ల ఆప్టికల్ జూమ్. (ఏ కంపెనీదైనా మనం హ్యాండీక్యామ్ అనేస్తాం గానీ, ఆ పేరు సోనీ వాళ్లది. 1985 నుంచి వాడుతున్నారు.) నెల రోజులు ఇంట్లో, బయట వాడి చూశాను.

చివరి వరుసలో హీరో

మొదటి పరీక్ష మా అక్క కూతురి స్కూల్ యాన్యువల్ డే. మాకు దొరికింది చివరి వరుస. ఫోన్లో బాగా జూమ్ చేస్తే పాప మొహం నీళ్లలో తడిసిన రంగుల ముగ్గులా ఉంది. క్యామ్‌కార్డర్‌లో చెవి జూకాలు కూడా కనిపించాయి. తేడా ఎక్కడంటే, ఫోన్ తన లెన్స్ పరిధి దాటాక ఉన్న బొమ్మనే కోసి పెద్దది చేస్తుంది. క్యామ్‌కార్డర్‌లో లెన్సులే ముందుకీ వెనక్కీ జరిగి దూరాన్ని దగ్గర చేస్తాయి. సోనీ సీఎక్స్405 లాంటి చిన్న మోడల్‌లో కూడా ఇది సుమారు 27 నుంచి 800 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. ఫొటోగ్రాఫర్లు అలాంటి లెన్సుని భుజాన మోస్తారు. ఇక్కడ మొత్తం కెమెరానే పావు కిలో లోపు.

అయితే పూర్తి జూమ్‌లో ఊపిరి పీల్చినా బొమ్మ ఊగుతుంది. స్టెబిలైజేషన్ కొంతవరకే ఆదుకుంటుంది. స్టాండ్ తప్పదు, లేదంటే ముందు కుర్చీ మీద మోచేతులు ఆనించాలి. నేను ఆనించాను. ముందు కూర్చున్న పెద్దాయన ఒప్పుకోలేదు.

అమెరికా కెమెరా, మన కరెంటు

రెండో పరీక్ష మా చిన్నాన్న వాళ్ల అమ్మాయి ఓణీల ఫంక్షన్. ఇక్కడ దెబ్బతిన్నాను. ఇంటికొచ్చి టీవీలో పెడితే హాలంతా వెలుగు కొట్టుకుంటోంది. కెమెరా పాడైందనుకుని రాత్రంతా తల పట్టుకున్నాను. అసలు సంగతి కరెంటుది. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, కొన్ని చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మసకబారి వెలుగుతాయి. మన కంటికి అది కనపడదు. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ అమ్మే క్యామ్‌కార్డర్లు సెకనుకు 60 లెక్కన బొమ్మలు తీస్తాయి. ఈ రెండు లెక్కలూ కలవక ఒక ఫ్రేమ్‌లో వెలుగు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ పడుతుంది. మాన్యువల్ షటర్ ఉంటే 1/100లో పెడితే చాలావరకు సర్దుకుంటుంది. కానీ చిన్న మోడళ్లలో చాలావాటికి ఆ సదుపాయమే ఉండదు. కాబట్టి బావలూ అన్నయ్యలూ అక్కడి నుంచి తెస్తామంటే ముందు ఈ మాట చెప్పండి. ఇక్కడ అమ్మే కెమెరాలు 25, 50 ఫ్రేముల లెక్కలో తీస్తాయి.

చీకట్లో మాత్రం ఫోనే గెలుస్తుంది. ఈ బుల్లి క్యామ్‌కార్డర్లలో సెన్సర్ చాలా చిన్నది. రాత్రి ఇంటి వెలుతురులో గోడల మీద చీమలు పాకుతున్నట్టు చుక్కలు వస్తాయి. ఇప్పటి ఫోన్లలో సెన్సర్ పెద్దది, పైగా లోపల ప్రాసెసర్ బొమ్మని తోమి ఇస్తుంది.

ఫైళ్ల గొడవ ఒకటుంది. ఏవీసీహెచ్‌డీలో తీస్తే వచ్చే ఎంటీఎస్ ఫైల్ వాట్సాప్‌లో నేరుగా పోదు. మెనూలో ఎంపీ4 ఉంటే అది పెట్టుకోండి. నాణ్యత పెంచి 50 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకు 22 జీబీ పైనే అవుతుంది. అంటే 64 జీబీ కార్డు మూడు గంటలు కూడా రాదు.

మరి కొనాలా? రీల్స్ కోసమైతే వద్దు, ఫోన్ చాలు. పిల్లల డ్యాన్సులు, నాటకాలు, పెద్దవాళ్ల ముచ్చట్లు దూరం నుంచో, గంటల తరబడో తీయాలనుకుంటే సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. స్క్రీన్ తెరిచి మూసి, అటూ ఇటూ తిప్పి చూడండి. తిప్పేటప్పుడు బొమ్మ మినుకుమంటే లోపలి రిబ్బన్ తెగిపోతోందన్నమాట. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. జూమ్ మొత్తం లాగి, వెనక్కి తెచ్చి చప్పుడు వినండి. పాత వైబ్ అని మినీడీవీ టేపు కెమెరా కొనేవాళ్లకు ఒక మాట: టేపులోంచి వీడియో కంప్యూటర్‌లోకి రావాలంటే ఫైర్‌వైర్ పోర్టు కావాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు. ఇంట్లో పాత టేపులు ఉంటే తప్ప ఆ జోలికి పోకండి.

చివరికి ఓ ఆదివారం పొద్దున, వంటింటి కిటికీ వెలుతురులో స్టాండ్ మీద కెమెరా పెట్టి నానమ్మ ముందు కూర్చున్నాను. ఫోన్ ఎత్తితే కొంగు సర్దుకుని “వద్దులేరా” అనే మనిషి, ఆ నల్ల డబ్బాని రెండు నిమిషాల్లో మర్చిపోయింది. మధ్యలో కాల్ రాలేదు, నోటిఫికేషన్ మోగలేదు. 42 నిమిషాలు చెప్పింది. అదే రోజు కార్డు తీసి రెండు చోట్ల కాపీ పెట్టాను.

వాగు దాటాక బండి చక్రం ఊడిందట. కొత్త పెళ్లికూతురు మిగతా దారంతా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిందట. ఈ సంగతి మా నాన్నకే తెలీదు.