చెవితో చూచు ఆట

పులిజూదపు పటము ముందున్నచో 3 పులులను, 15 మేకలను బాలునికి చూపుట సులభము. పటమే లేనిచో? బల్లమీది ఆటలను గూర్చి పాడ్‌కాస్టు నడుపువారికి తొలిచిక్కు ఇదే. 2005లో, దక్షిణ కొరియాలో ఉపాధ్యాయుడుగా నుండిన అమెరికను టామ్ వాసెల్, జో స్టెడ్‌మన్‌తో కలసి ‘ది డైస్ టవర్’ ప్రారంభించెను. అది మొదట కేవలము ధ్వనియే.

నియమములన్నియు ఏకరువు పెట్టినచో శ్రోత నిద్రించును (పాఠములు చెప్పువారికి ఈ అనుభవము క్రొత్త కాదు!). ఒక పులి మేకమీదుగా దుమికి ఖాళీచోట వ్రాలినది, మేక పోయినది. ఆ ఘట్టము చెప్పిన చాలును, నియమము వెంటనే వచ్చును. మైకు దగ్గరగా నుంచుట, దుప్పట్లు వ్రేలాడదీసి ప్రతిధ్వనిని అణచుట అంత కష్టము కాదు. తన కంఠమును తానే మరల వినుట చాలమందికి దుర్భరము. విన్నవారికి మాత్రము తామెచ్చట తొందరపడిరో తెలిసిపోవును.