జాతరకూ జాతరకూ మధ్య బ్యాటరీ

2024లో మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర ఫిబ్రవరి 21న మొదలై 24న వనప్రవేశంతో ముగిసింది. ఆ తర్వాతి జాతర 2026 జనవరి 28న మొదలైంది. నడుమ ఇరవై మూడు నెలలు, రెండు నిండు ఎండాకాలాలు. జాతర కోసమని తెచ్చుకున్న బ్యాటరీ పనిచేసేది నాలుగు రోజులు. పని లేకుండా మూలన కూర్చునేది ఆ ఇరవై మూడు నెలలు. దుకాణంలో మనం అడిగే ప్రశ్నలన్నీ ఆ నాలుగు రోజుల గురించే ఉంటాయి. బ్యాటరీ పాడయ్యేది మాత్రం ఎక్కువగా మిగిలిన కాలంలోనే. ఏది కొనాలన్న విచారణ అక్కడి నుంచి మొదలు కావాలని నా నమ్మకం.

పాశ్చాత్య దేశాల్లో కారు వెనక చక్రాల ఇల్లొకటి తగిలించుకుని కరెంటు లేని అడవుల్లో రోజుల తరబడి బస చేస్తారు. మనకు ఆ చక్రాల ఇల్లు ట్రాక్టరు ట్రాలీ. దాని మీద వెదురు బద్దలు వంచి కట్టి, టార్పాలిన్ కప్పి, కింద వరిగడ్డి పరిచి, బియ్యం, వంటపాత్రలు, అమ్మవారికి మొక్కిన బెల్లం సర్దుకుని హనుమకొండ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా సుమారు వంద కిలోమీటర్లు వెళ్తారు. గద్దెల చుట్టూ, పెద్ద దారుల వెంట తాత్కాలికంగా దీపాలు వేస్తారు. జంపన్నవాగు పక్కన చెట్ల కిందా, కోత కోసిన పొలాల్లోనూ దిగిన కుటుంబాలన్నిటికీ ఆ తీగ అందదు. ఒకప్పుడు అక్కడ కందిళ్లు, పెట్రోమాక్స్ లైట్లు వెలిగేవి. మాఘ పున్నమి దగ్గరి రోజులు కాబట్టి వెన్నెల ఉంటుంది. కానీ నిండు పున్నమి వెలుగు పావు లక్స్‌కు అటూ ఇటూగానే ఉంటుంది. దాంతో దారి కనబడుతుంది గానీ బియ్యంలో రాయి కనబడదు.

ఒక జాతరకు మేము వేరే బ్యాటరీ ఏదీ పెట్టుకోకుండా ట్రాక్టరు బ్యాటరీకే క్లిప్పులతో బల్బులు తగిలించాం. రెండో తెల్లారి సెల్ఫ్ కొడితే టక్‌మన్నదే తప్ప ఇంజన్ తిరగలేదు. పక్క గుడారాల వాళ్లు వచ్చి తోస్తే కదిలింది. తప్పు బ్యాటరీది కాదు, దానికి మేము పెట్టిన పనిది. ఇంజన్‌ను తిప్పే బ్యాటరీలో సీసపు పలకలు పలుచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇవ్వడానికి ఆ నిర్మాణం. అలాంటి దాన్ని రాత్రంతా మెల్లగా అడుగంటా తోడితే పలకల మీది రసాయన ముద్ద వదులై రాలిపోతుంది. పదుల సార్లు అలా జరిగితే చాలు, బ్యాటరీ పనికిరాదు. వాహనం బ్యాటరీ వాహనానికే ఉంచాలి. బసకు వేరే బ్యాటరీ కావాలి.

ఎంతది కావాలో తెలియాలంటే ముందు లెక్క వేసుకోవాలి. ఎనిమిది మంది ఉన్న కుటుంబాన్ని తీసుకుందాం. ఐదు వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, ఆరు గంటలు వెలిగితే 120 వాట్-అవర్లు. పిల్లలూ ముసలివాళ్లూ లేస్తారు కాబట్టి తెల్లవార్లూ ఒక బల్బు వెలగాలి, దానికి మరో 30. ఫోన్లు ఎనిమిది, ఒక్కోదానికి రోజుకు 20 చొప్పున 160. మొత్తం రోజుకు 310. మూడు రాత్రులకు 930 వాట్-అవర్లు. వెయ్యి వాట్-అవర్లు మన కరెంటు బిల్లులో ఒక యూనిట్. అంటే ఎనిమిది మందికి మూడు రాత్రుల వెలుగూ మాటా కలిపి ఒక్క యూనిట్‌కు లోపే! ఇంట్లో ఏసీ ఒక గంటలో తినేసేది ఇంచుమించు అంతే. ఈ సంఖ్య కళ్లముందు ఉంటే అవసరానికి మించిన బ్యాటరీ ఎవరూ కొనరు. ఫిబ్రవరి చివర్లో జాతర పడి ఉక్కపోస్తే 20 వాట్ల చిన్న ఫ్యాన్లు రెండు ఆరు గంటలు తిరగడానికి రోజుకు మరో 240 కలుపుకోవాలి. ఇండక్షన్ స్టవ్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. రెండు వేల వాట్ల స్టవ్‌కు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 180 ఆంపియర్లకు పైగా లాగాలి. వంటకు గ్యాసో, కట్టెలో ఉండనే ఉన్నాయి.

ఇప్పుడు బ్యాటరీలోకి వద్దాం. సీసం–ఆమ్లం బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. ఒక పలక సీసం, ఇంకోటి సీసపు డయాక్సైడ్, మధ్యలో సల్ఫ్యూరిక్ ఆమ్లం. కరెంటు వాడుకుంటున్న కొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జ్ చేస్తే ఆ సల్ఫేట్ విడిపోయి ఆమ్లం మళ్లీ చిక్కబడుతుంది. హైడ్రోమీటరు ముంచి ఛార్జ్ ఎంతుందో చెప్పగలగడం అందువల్లే. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీలో ధన పలకను గొట్టాల వరుసగా చేస్తారు. ముద్ద గొట్టంలో బందీగా ఉంటుంది కాబట్టి రాలదు, లోతుగా వాడినా తట్టుకుంటుంది. బసకు సీసం బ్యాటరీయే అనుకుంటే ఈ రకమే తీసుకోవాలి.

దాని మీద 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) అని ఉంటే 12 వోల్టుల చొప్పున 1800 వాట్-అవర్లు. అయితే ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి తోడకూడదు. అంటే చేతికొచ్చేది 900. పైన వేసిన లెక్కకు ఇంచుమించు సరిపోతుంది. ఇంకొక సంగతి ఉంది. ఆ 150 సాధారణంగా ఇరవై గంటల పాటు, ఏడున్నర ఆంపియర్ల చొప్పున మెల్లగా తోడినప్పుడు వచ్చే సంఖ్య. వేగంగా తోడితే సీసం బ్యాటరీ తక్కువిస్తుంది. దీన్ని జర్మనీకి చెందిన పాయ్‌కెర్ట్ 1897లో సూత్రీకరించాడు. అయిదు వందల వాట్లు లాగితే దాదాపు మూడింట ఒక వంతు తగ్గిపోవచ్చు. బల్బులకూ ఫోన్లకూ కలిపి మనం లాగేది మూడు, నాలుగు ఆంపియర్లే. కాబట్టి జాతర బసలో సీసానికి ఈ లోపం అంటదు. సీసాన్ని పాత సరుకని తోసిపుచ్చేవాళ్లు ఈ మాట గమనించాలి.

దాని అసలు కష్టం బరువు. ఈ సైజు ట్యూబులర్ యాసిడ్‌తో కలిపి యాభై కిలోల పైన తూగుతుంది. ఇద్దరు పట్టుకుని ఎత్తాలి, నిలువుగానే ఉంచాలి, గుంతల్లో ట్రాలీ ఊగితే మూతల నుంచి యాసిడ్ చిందుతుంది. ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. అందుకే పడుకునే చోట, పొయ్యి దగ్గర దాన్ని ఛార్జ్ చేయకూడదు.

లిథియం అనగానే చాలామందికి పేలిన ఫోన్లూ తగలబడిన స్కూటర్లూ గుర్తొస్తాయి. ఆ భయం అర్థం లేనిది కాదు, కానీ లిథియం ఒక్కటే రకం కాదు. బసకు పనికొచ్చేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దీని పుట్టుకలో మనవాళ్ల చేయి ఉంది. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ ప్రయోగశాలలో అక్షయ పాఢి, నంజుండస్వామి అనే భారతీయ పరిశోధకులు ఆయనతో కలిసి 1997లో ఈ పదార్థం గురించి పత్రం ప్రచురించారు. గుడెనఫ్‌కు 2019లో మరో ఇద్దరితో కలిపి రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ పదార్థంలో ఆక్సిజన్ పరమాణువులు ఫాస్ఫరస్‌తో చాలా గట్టిగా బంధించి ఉంటాయి. కోబాల్ట్ ఆక్సైడ్ వాడే సెల్ బాగా వేడెక్కితే తనలోని ఆక్సిజన్‌ను వదిలి మంటకు తానే ఊపిరి పోస్తుంది. ఫాస్ఫేట్ ఆ ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా వదలదు. వరిగడ్డి పరిచిన ట్రాలీలో పిల్లలు నిద్రపోయే చోట ఈ తేడా నాకు అన్నిటికంటే ముఖ్యం. ఈ రకం సెల్‌లు మన దగ్గరే తయారయ్యే రోజు దూరంలో లేదు. 1985లో గల్లా రామచంద్ర నాయుడు తిరుపతి ప్రాంతంలో నెలకొల్పిన అమరరాజా సంస్థ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్‌ల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన చేసింది.

ఒక్కో సెల్ 3.2 వోల్టులు. నాలుగు వరుసగా కలిపితే 12.8. వంద ఏహెచ్ బ్యాటరీలో 1280 వాట్-అవర్లు, తొంభై శాతం వాడుకున్నా 1150 వస్తాయి. బరువు పన్నెండు కిలోలకు అటూ ఇటూ, ఒక చేత్తో ఎత్తవచ్చు. ఎలా పెట్టినా చిందడానికి లోపల ఆమ్లం లేదు. పాశ్చాత్యులు రాసే సలహాల్లో చలి గురించి పేజీలకు పేజీలుంటాయి. సున్నా డిగ్రీల కింద దీన్ని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది కాబట్టి, వేడి చేసే పరికరం అమర్చిన బ్యాటరీలు కూడా అమ్ముతారు. ఓరుగల్లులో మాఘమాసపు చలికి వణుకుతామే గానీ నీళ్లు గడ్డకట్టవు. ఆ పరికరానికి మనం డబ్బు పెట్టనక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం దీనికి ప్రత్యేకం. వాడుతున్నంతసేపూ దీని వోల్టేజీ దాదాపు కదలదు, కాబట్టి మీటరులో వోల్టులు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. లోపలికీ బయటికీ పోయిన కరెంటును లెక్కించే మీటరు పెట్టుకోవాలి. రెండోది, దీన్ని ట్రాక్టరు ఆల్టర్నేటర్‌కు నేరుగా కలపకూడదు. ఖాళీ అయిన లిథియం బ్యాటరీ ఎంత కరెంటు దొరికితే అంతా లాగేస్తుంది, ఆల్టర్నేటర్ ఆపకుండా పూర్తి భారం మీద నడిచి కాలిపోవచ్చు. నడుమ డీసీ–డీసీ ఛార్జర్ ఉండాలి. ఆల్టర్నేటర్‌కు తట్టుకునే శక్తి ఉంటే ఇరవై ఆంపియర్లది చాలు. నాలుగు గంటల ట్రాక్టరు ప్రయాణంలోనే 80 ఏహెచ్ నిండుతుంది.

ఇన్వర్టర్ సంగతి చెప్పకపోతే ఈ లెక్కంతా తప్పుతుంది. 12 వోల్టులను 230 చేయడంలో పదో వంతు పోతుందని అందరికీ తెలుసు. ఏమీ వాడకపోయినా ఆన్‌లో ఉన్నందుకే అది 15 వాట్ల దాకా తినవచ్చని చాలామందికి తెలియదు. ఇరవై నాలుగు గంటలకు 360 వాట్-అవర్లు. మన బల్బులూ ఫోన్లూ కలిపి రోజుకు అడిగింది 310! 12 వోల్టులకే వెలిగే బల్బులు, యూఎస్‌బీ సాకెట్లు పెట్టుకుని ఇన్వర్టర్‌ను ఇంట్లోనే వదిలి వెళ్లడం, బ్యాటరీ సైజు రెట్టింపు చేసుకున్నంత లాభం.

తక్కువ వోల్టేజీకి తగిన వైరు కూడా ఉండాలి. బ్యాటరీకి పది మీటర్ల దూరంలో వంద వాట్ల పని ఉంటే ఎనిమిది ఆంపియర్లు పారాలి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో రానూపోనూ రెండు వోల్టులు వైరే మింగేస్తుంది. ఆరు చదరపు మిల్లీమీటర్లదైతే అర వోల్టు. బ్యాటరీ ధన టర్మినల్ పక్కనే ఫ్యూజ్ తప్పనిసరి. పన్నెండు వోల్టులకు షాక్ కొట్టదు గదా అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. టర్మినళ్ల మధ్య స్పానర్ పడితే అది ఎర్రగా కాలిపోయేంత కరెంటు పారుతుంది, చుట్టూ ఉన్నది గడ్డీ టార్పాలినూ.

రెండు వందల వాట్ల సోలార్ ప్యానల్ వెంట ఉంటే మాఘమాసపు ఎండకు రోజుకు ఆరు వందల వాట్-అవర్ల దాకా రాబట్టవచ్చు. ఫ్యాన్లు కూడా గడిచిపోతాయి. మనం దిగేది చెట్టు నీడన, ప్యానల్ ఉండాల్సింది ఎండలో. ఒక మూల కొమ్మ నీడ పడినా ఉత్పత్తి సగానికి సగం పడిపోవచ్చు. పొడవైన వైరు ఉంచుకోవాలి. మేడారం ఎర్రదుమ్మును పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తడిగుడ్డతో తుడవాలి.

ఇక ఆ ఇరవై మూడు నెలలు. సీసం బ్యాటరీ వాడకుండా ఉన్నా నెలకు నాలుగైదు శాతం తనంతట తానే కోల్పోతుంది. ప్రతి పది డిగ్రీల వేడికీ ఆ వేగం దాదాపు రెట్టింపు. మే నెలలో వరంగల్‌లో 44, 45 డిగ్రీలు, రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. ఛార్జ్ తగ్గి నిలువ ఉన్న పలకల మీద సల్ఫేట్ మొదట పొడి చక్కెరలా ఉండి, నెలలు గడిచేసరికి పటికబెల్లంలా గడ్డకడుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్‌తో కరుగుతుంది, గడ్డ కట్టాక కరగదు. రెండో జాతరకు బయటికి తీసేసరికి ఆ బ్యాటరీ తూకానికి అమ్మడానికే మిగులుతుంది. నాలుగు వేల సార్లు ఛార్జ్ చేయవచ్చు, వెయ్యిసార్లు చేయవచ్చు అని రాసే సంఖ్యలు ఇక్కడ ఎందుకూ పనికిరావు. ఏడాదికి పది రోజులు వాడేవారికి ఎవరి జీవితకాలంలోనూ అవి పూర్తికావు.

అందువల్ల నా నిర్ణయం ఇది. ఇంట్లో ఇన్వర్టర్ మీద మంచి ట్యూబులర్ ఇప్పటికే ఉంటే, దాన్నే జాతరకు తీసుకుపోవడం తెలివైన పని. సీసానికి ఎప్పుడూ నిండుగా ఉండటమే ఇష్టం, ఇంటి ఇన్వర్టర్ దాన్ని అలాగే ఉంచుతుంది. ఎత్తేముందు డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకోవాలి, మరీ అంచు దాకా పోయకూడదు. జాతరకూ, లక్నవరం, పాకాల వైపు బసకూ మాత్రమే కొత్తగా కొనేవారు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోవాలి. ధర ఎక్కువే. కానీ నిల్వలో సల్ఫేట్ బెడద లేదు. దీని స్వభావం సీసానికి పూర్తిగా వ్యతిరేకం, నిండుగా ఉంచి వేడిలో పడేస్తే త్వరగా ముసలిదవుతుంది. సగం ఛార్జ్‌తో, ఇంట్లో చల్లగా ఉండే నేల గదిలో పెట్టాలి. పూర్తిగా ఖాళీ చేసి కూడా పెట్టకూడదు. లోపల కాపలా కాసే ఎలక్ట్రానిక్ బోర్డు రోజూ కొద్దికొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది, నెలల తరబడి వదిలేస్తే ఉన్న ఆ కాస్తా తాగేసి సెల్‌లను చంపేస్తుంది.

వనప్రవేశం అయ్యాక ట్రాలీ ఇంటికి చేరిన రోజు ఒళ్లు అలసి, సామాను దింపడమే భారమనిపిస్తుంది. ట్యూబులర్ అయితే ఆ రాత్రే ఛార్జింగ్‌కు పెట్టాలి, రేపటికి వాయిదా వేయకూడదు. లిథియమైతే సగం దాకా నింపి, వైర్లన్నీ ఊడదీసి, టర్మినళ్లకు టేపు చుట్టి, పైన ఒక కాగితం అంటించి ఆ రోజు తేదీ రాయాలి. దాని కిందే మళ్లీ ఎప్పుడు చూడాలో, మూడు నెలల తర్వాతి తేదీ కూడా.